రెండో ఎలిజబెత్: రాణిగా 70 ఏళ్లు, తల్లిగా ఎన్ని?

కృష్ణాతీరం | రాత్రి 8:40

అందరికీ నమస్కారం. కొన్ని రోజులుగా బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ గురించి చదువుతున్నాను. ఒకచోట మనసు ఆగిపోయింది. 1953 జూన్ 2న పట్టాభిషేకం అయింది. అదే ఏడాది నవంబరులో భర్త ఫిలిప్‌తో కలిసి కామన్వెల్త్ దేశాల పర్యటనకు బయలుదేరింది. తిరిగి ఇంటికి చేరేసరికి 1954 మే నెల. ఆమె వెళ్లేటప్పుడు చార్లెస్‌కి ఐదేళ్లు, ఆన్‌కి మూడేళ్లు. ఇద్దరినీ అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లారు. చివరికి బ్రిటానియా అనే కొత్త రాచనౌకలో పిల్లల్ని లిబియాలోని టోబ్రూక్ రేవు దాకా తీసుకెళ్తే అక్కడ తల్లీ పిల్లలూ కలిశారు.

మూడేళ్ల పాప ఆరు నెలలు తల్లిని చూడకుండా ఉండటం అంటే మాటలా? ఆ దేశాలన్నీ తిరిగి రావడం నిజంగా అంత తప్పనిసరా? 70 ఏళ్లు దేశానికి ఇచ్చిన మనిషి ఇంటికి ఏం ఇవ్వగలిగింది? మీకు తెలిసింది చెప్పండి. వజ్రాలు, కిరీటాల సంగతి కాదు, ఆమె పని గురించి, కుటుంబం గురించి తెలుసుకోవాలని ఉంది.

తెనాలి మాస్టారు | రాత్రి 9:05

మంచి ప్రశ్న వేశావమ్మా. కానీ ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆమె రాణి కావడానికి పుట్టిన పిల్ల కాదు. 1926 ఏప్రిల్ 21న పుట్టినప్పుడు తాతగారు ఐదో జార్జి రాజు. ఆయన తర్వాత పెద్దకొడుకు ఎడ్వర్డ్ రావాలి, ఎలిజబెత్ తండ్రి రెండో కొడుకు. పెదనాన్నకు పెళ్లయి పిల్లలు పుడితే ఈమె ఏ పల్లెటూరి బంగళాలోనో గుర్రాలు పెంచుకుంటూ బతికేది. ఆ బతుకే ఆమెకు ఇష్టం కూడా.

1936 డిసెంబరులో ఆ పెదనాన్న, విడాకులు తీసుకున్న వాలిస్ సింప్సన్‌ని పెళ్లాడటం కోసం సింహాసనం వదిలేశాడు. రాజై ఏడాది కూడా నిండలేదు. నత్తితో నలుగురిలో మాట్లాడటానికే ఇబ్బందిపడే తమ్ముడి నెత్తిన ఆ భారం పడింది. పదేళ్ల పిల్ల వారసురాలైంది. ఇంట్లో జరిగిన ఆ ఘటన ఆమె జీవితమంతా వెంటాడిందని నా అభిప్రాయం. సొంత సుఖం కోసం పెద్దవాడు బాధ్యత వదిలేస్తే చిన్నవాడి ఆరోగ్యం, ఆయుష్షు ఎలా కరిగిపోయాయో ఆ పిల్ల దగ్గరుండి చూసింది. తండ్రి 56 ఏళ్లకే పోయాడు.

ఆ కబురు వచ్చినప్పుడు ఆమె కెన్యాలో ఉంది. 1952 ఫిబ్రవరి 6. అనారోగ్యంతో ఉన్న తండ్రి బదులు పర్యటనకు వచ్చింది. ముందురాత్రి ట్రీటాప్స్ అనే చోట చెట్టు మీద కట్టిన విడిదిలో ఉండి ఏనుగులను చూసింది. మర్నాడు సగానా అనే ఊళ్లోని బసలో ఉండగా ఫిలిప్ ఆమెను తోటలోకి తీసుకెళ్లి విషయం చెప్పాడు. అప్పటికి ఆమె వయసు 25. ఏడుస్తూ కూర్చోలేదు, బల్ల దగ్గర కూర్చుని, పర్యటన రద్దయినందుకు క్షమాపణలు చెబుతూ ఉత్తరాలు రాసింది. రాణిగా ఏ పేరు పెట్టుకుంటారని అడిగితే, నా పేరే అంది.

ఇక ఆ ఆరు నెలల పర్యటన సంగతి. సామ్రాజ్యం చెయ్యిజారిపోతోంది. భారతదేశం 1947లోనే వెళ్లిపోయింది. మిగిలినవాటిని కామన్వెల్త్ పేరుతో కలిపి ఉంచడానికి ప్రభుత్వానికి ఒక మొహం కావాలి. ఆ మొహం ఈమెది. వెళ్లనని అనే వీలు లేదు.

నిప్పురవ్వ | రాత్రి 9:22

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ కెన్యా అనగానే చెట్టు మీద విడిది, ఏనుగులు చెప్పి ఆపేస్తే ఎలా? ఆ ఏడాదే అక్టోబరులో కెన్యాలో ఎమర్జెన్సీ పెట్టారు. బ్రిటిష్ పాలన మీద జరిగిన మౌమౌ తిరుగుబాటును అణచడానికి వేలమందిని క్యాంపుల్లో బంధించి హింసించారు. అదంతా ఈమె పేరు మీదే జరిగింది. 2013లో బ్రిటన్ ప్రభుత్వం 5,228 మంది బాధితులకు కలిపి 1 కోటి 99 లక్షల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పటికి ఎంతమంది ముసలివాళ్లయిపోయారో, ఎంతమంది పోయారో.

ఆమె పిల్లలకు తల్లి ఆరు నెలలు దూరమైందని మనం బాధపడుతున్నాం. ఆ క్యాంపుల్లో ఉన్నవాళ్లకూ పిల్లలున్నారు కదా. ఈ రెండూ ఒకే చర్చలో ఉండాలి.

న్యాయవిద్యార్థి | రాత్రి 9:48

నిప్పురవ్వ గారు చెప్పింది ఉండాల్సిందే. కాకపోతే ఆమె చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది తెలియకపోతే పొగడ్త, తిట్టు రెండూ గురి తప్పుతాయి. అందుకే రోజువారీ పని ఎలా ఉండేదో రాస్తాను.

పొద్దున్నే ఎర్ర తోలు పెట్టె ఒకటి వస్తుంది. విదేశాంగ శాఖ టెలిగ్రాములు, క్యాబినెట్ కాగితాలు, సంతకం చేయాల్సిన నియామకాలు అందులో ఉంటాయి. క్రిస్మస్ లాంటి ఒకటి రెండు రోజులు తప్ప ఏడాదంతా ఆ పెట్టె వస్తూనే ఉంటుంది. లండన్‌లో ఉన్నా, సెలవుల్లో స్కాట్లాండ్‌లోని తన కోట బాల్మోరల్‌లో ఉన్నా తప్పదు. శ్రద్ధగా చదివేదని, మంత్రులు చదవని వివరం కూడా ఆమెకు తెలిసి ఉండేదని ఆమె దగ్గర పనిచేసిన ప్రధానులు చెప్పారు.

వారానికోసారి ప్రధానమంత్రి వచ్చి కలవాలి. గదిలో ఇద్దరే ఉంటారు. సెక్రటరీ ఉండడు, మినిట్స్ రాయరు, బయటికి చెప్పరు. చర్చిల్‌తో మొదలుపెట్టి లిజ్ ట్రస్ దాకా 15 మంది ప్రధానులు మారారు. చర్చిల్ పుట్టింది 1874లో, ట్రస్ పుట్టింది 1975లో. ఆ మధ్యలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం మారలేదు.

ఇంత తెలిసిన మనిషికి నిర్ణయం మాత్రం చేతిలో లేదు. సలహా ఇవ్వొచ్చు, ప్రోత్సహించొచ్చు, హెచ్చరించొచ్చు. ఆ తర్వాత మంత్రివర్గం ఏం చెబితే అదే. మన రాజ్యాంగంలో 74వ అధికరణం ఉంది కదా, రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడవాలని. ఆ పద్ధతి మనకు అక్కడి నుంచే వచ్చింది. 2019లో బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఐదు వారాలు నిలిపేయమని సలహా ఇస్తే ఆమె ఒప్పుకుంది. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు ఆ సలహానే చట్టవిరుద్ధం అంది. 93 ఏళ్ల రాణి తప్పు చేసిందని మాత్రం కోర్టు అనలేదు, ఎందుకంటే ఆమెకు వేరే దారి ఉందని అక్కడ ఎవరూ అనుకోరు.

బొల్లారం వాసి | రాత్రి 10:10

సీరియస్ చర్చ మధ్యలో మా ఊరి మాట ఒకటి. 1983లో ఆమె హైదరాబాద్ వచ్చింది. నవంబరు 20, ఆదివారం, బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకు వెళ్లారు ఇద్దరూ. ఆ రోజు వాళ్ల 36వ పెళ్లిరోజు. పెళ్లిరోజున కూడా పర్యటనే! మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అమ్మమ్మ కబుర్లు | రాత్రి 10:31

పిల్లల సంగతి అడిగింది కాబట్టి నేనూ నాలుగు మాటలు రాస్తాను.

చార్లెస్, ఆన్ పుట్టింది 1948, 1950లో. ఆండ్రూ, ఎడ్వర్డ్ పుట్టింది 1960, 1964లో. మధ్యలో పదేళ్ల ఖాళీ ఉంది చూడండి. ఆ పదేళ్లూ కొత్త రాణి ఆ ఉద్యోగం నేర్చుకుంది. తర్వాత పుట్టిన ఇద్దరికీ ఎక్కువ సమయం ఇచ్చిందని ఇంట్లోవాళ్లే చెప్పారు. పార్లమెంటు ప్రారంభానికి వెళ్లి ప్రసంగం చదవడం ఆమెకు ఏటా తప్పని పని. 1959లో, 1963లో వెళ్లలేదు, రెండుసార్లూ కడుపుతో ఉంది. మళ్లీ 2022 దాకా ఒక్కసారి కూడా మానలేదు. అప్పుడు నడవలేక మానింది, ఆమె బదులు చార్లెస్ చదివాడు.

భర్త సంగతి కూడా చెప్పుకోవాలి. ఫిలిప్ నౌకాదళంలో మంచి పేరున్న అధికారి. 1949 నుంచి మాల్టా ద్వీపంలో కొంతకాలం కాపురం చేశారు. కారు తనే నడుపుకుంటూ, తోటి అధికారుల భార్యలతో కలిసి తిరుగుతూ, మామూలు ఇల్లాలిగా ఆమె బతికింది ఆ కొద్దికాలమే. మామగారు పోగానే అతని ఉద్యోగం పోయింది. తర్వాత ఇంటిపేరు గొడవ. పిల్లలకు విండ్సర్ అనే పేరే ఉండాలని చర్చిల్ పట్టుబట్టాడు, ఈమె సరేనంది. దేశం మొత్తం మీద తన పేరు పిల్లలకు పెట్టుకోలేని మగవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆయన వాపోయాడు. ఎనిమిదేళ్లు ఆ ముల్లు ఇద్దరి మధ్యా ఉండిపోయింది. 1960 ఫిబ్రవరి 8న, ఆండ్రూ పుట్టడానికి పదకొండు రోజుల ముందు, వారసుల్లో కొందరికి ఫిలిప్ ఇంటిపేరు కూడా కలిపి మౌంట్‌బాటెన్-విండ్సర్ అనే పేరు ఉండేలా ప్రకటన ఇచ్చింది. ఆమె భర్తకు ఏమీ ఇవ్వలేదనకండి. ఆలస్యంగా ఇచ్చింది, అంతే.

చెల్లెలి విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ బాధే. మార్గరెట్ ప్రేమించిన పీటర్ టౌన్‌సెండ్ విడాకులు తీసుకున్నవాడు. అక్క రాణి మాత్రమే కాదు, ఇంగ్లండ్ చర్చికి అధిపతి. విడాకులు తీసుకున్నవాళ్లు మళ్లీ పెళ్లాడటాన్ని ఆ చర్చి అప్పట్లో ఒప్పుకునేది కాదు. 1955 అక్టోబరు 31న ఈ పెళ్లి చేసుకోవడం లేదని మార్గరెట్ ప్రకటన ఇచ్చింది. తర్వాత వేరే అతన్ని చేసుకుంది, 1978లో అదీ విడిపోయింది. యాభై ఏళ్ల తర్వాత, 2005లో, కొడుకు చార్లెస్ విడాకులు తీసుకున్న కమిల్లాను పెళ్లాడితే అదే రాణి ఒప్పుకుంది. రిజిస్టరు పెళ్లికి వెళ్లలేదు గానీ చర్చి ఆశీర్వాదానికి వెళ్లింది. అప్పటికి మార్గరెట్ పోయి మూడేళ్లయింది. ఈ వరుస తలుచుకుంటే నాకు గుండె పిండేసినట్టు ఉంటుంది.

కృష్ణాతీరం | రాత్రి 10:50

అమ్మమ్మ గారూ, మార్గరెట్ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. కళ్లు చెమ్మగిల్లాయి. అంటే రూలుకీ మనిషికీ పోటీ వచ్చిన ప్రతిసారీ రూలే గెలిచిందా?

యార్క్‌షైర్ తెలుగమ్మాయి | రాత్రి 11:15

ప్రతిసారీ కాదు అక్కా. నేను ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడివాళ్లు ఆమె గురించి మాట్లాడేటప్పుడు రెండు సంఘటనలు తప్పకుండా చెబుతారు.

ఒకటి అబెర్‌ఫాన్. వేల్స్‌లో బొగ్గు గని పక్కన ఉన్న చిన్న ఊరు. 1966 అక్టోబరు 21న గని మట్టిదిబ్బ జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఫిలిప్ మర్నాడే వెళ్లాడు. ఆమె మాత్రం ఎనిమిది రోజుల దాకా వెళ్లలేదు. తను వెళ్తే అందరూ తన చుట్టూ తిరుగుతారు, ఇంకా దొరకని పిల్లల్ని వెతికే పని ఆగిపోతుందని ఆమె భయం. అక్టోబరు 29న వెళ్లినప్పుడు ఒక చిన్నపాప చిన్న పూలగుత్తి ఇచ్చింది. దాని మీద అబెర్‌ఫాన్‌లో మిగిలిన పిల్లల నుంచి అని రాసి ఉంది. ఎప్పుడూ బయటపడని మనిషి ఆ రోజు కన్నీళ్లు ఆపుకోలేకపోయిందని చూసినవాళ్లు చెప్పారు. అంత ఆలస్యంగా వెళ్లినందుకు చివరిదాకా బాధపడిందని ఆమె దగ్గర పనిచేసినవాళ్లు అన్నారు. తర్వాత మరో మూడుసార్లు ఆ ఊరికి వెళ్లింది. 2012లో కూడా.

రెండోది డయానా. 1997 ఆగస్టు 31న ప్యారిస్‌లో ప్రమాదం జరిగినప్పుడు రాణి బాల్మోరల్‌లో ఉంది, మనవళ్లు విలియం, హ్యారీ ఆమె దగ్గరే ఉన్నారు. పెద్దవాడికి 15, చిన్నవాడికి 12. లండన్‌లో జనం కోపంతో ఊగిపోతున్నారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద జెండా ఎందుకు దించలేదని అడుగుతున్నారు. అసలు ఆ స్తంభం మీద రాణి ఉన్నప్పుడు మాత్రమే ఆమె సొంత జెండా ఎగురుతుంది, సింహాసనం ఎప్పుడూ ఖాళీగా ఉండదు కాబట్టి ఆ జెండాను ఎవరు పోయినా సగానికి దించరు. ఆమె లేదు కాబట్టి స్తంభం బోసిగా ఉంది. జనానికి ఈ రూలుతో పనేంటి? చివరికి అంత్యక్రియలకు ముందురోజు లండన్ వచ్చి టీవీలో మాట్లాడింది, రాణిగా, ఒక నాయనమ్మగా మాట్లాడుతున్నానంది. అంత్యక్రియల రోజు ప్యాలెస్ మీద దేశ జెండా యూనియన్ జాక్‌ను సగానికి దించి ఎగరేశారు. శవపేటిక ముందు నుంచి వెళ్తుంటే ఆమె తల వంచింది.

నా దృష్టిలో ఆ ఐదు రోజులు ఆమె రాణి పని పక్కనపెట్టి తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల దగ్గర కూర్చుంది. దేశం తిట్టింది కూడా సరిగ్గా అప్పుడే.

నిప్పురవ్వ | రాత్రి 11:40

ఇది బాగా చెప్పారు. నా సందేహం ఇంకొకటి. 1997లోనే అక్టోబరు 14న అమృత్‌సర్ వచ్చి జలియన్‌వాలా బాగ్‌లో పుష్పగుచ్ఛం పెట్టింది. చెప్పులు విప్పి నిలబడింది. ముందురోజు ఢిల్లీ విందులో గతంలో కష్టమైన ఘట్టాలున్నాయని అంది. కానీ క్షమించండి అనే మాట రాలేదు. ఆ ఒక్క మాట అనకుండా ఎవరు ఆపారు?

న్యాయవిద్యార్థి | రాత్రి 11:58

ప్రభుత్వం. విదేశాల్లో ఆమె చేసే ప్రసంగం మంత్రుల సలహాతోనే ఉంటుంది. క్షమాపణ అంటే ప్రభుత్వ నిర్ణయం, దాని వెనక పరిహారం లెక్కలు కూడా ఉంటాయి. ఆమె సొంతంగా ఆ మాట అనే వీలు లేదు. అది న్యాయమా అంటే నేను న్యాయమనను.

అయినా 2011 మేలో ఐర్లండ్ వెళ్లినప్పుడు చూడండి. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక బ్రిటన్ నుంచి రాజుగానీ రాణిగానీ అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. బ్రిటన్ మీద పోరాడి చనిపోయినవాళ్ల స్మారకం దగ్గర తల వంచింది. విందులో ప్రసంగం ఐరిష్ భాషలో మొదలుపెట్టింది. 1979లో బ్రిటన్ మీద పోరాడే ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ పెట్టిన బాంబుకు ఫిలిప్ మేనమామ మౌంట్‌బాటెన్ చనిపోయాడు. అంటే అది ఇంట్లో జరిగిన చావు. 2012లో, ఒకప్పటి ఐఆర్ఏ కమాండర్ మార్టిన్ మెక్‌గిన్నెస్‌తో చెయ్యి కలిపింది. జలియన్‌వాలా దగ్గర దొరకని దారి ఐర్లండ్‌లో దొరికింది, ఎందుకంటే అక్కడి ప్రభుత్వాలు అప్పటికే శాంతి ఒప్పందం చేసుకుని ఉన్నాయి.

తెనాలి మాస్టారు | రాత్రి 12:20

ఈ వయసులో ఇంత రాత్రిదాకా మేలుకోవడం మంచిది కాదు గానీ చర్చ బాగుంది.

1992 సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకే ఏడాదిలో ఆండ్రూ భార్యకు దూరమయ్యాడు, ఆన్ విడాకులు తీసుకుంది, చార్లెస్, డయానా విడిపోతున్నట్టు డిసెంబరులో ప్రకటించారు. నవంబరు 20న, బొల్లారం అబ్బాయి చెప్పిన అదే పెళ్లిరోజున, విండ్సర్ కోట తగలబడింది. నాలుగు రోజుల తర్వాత గిల్డ్‌హాల్‌లో జలుబుతో గొంతు పూడుకుపోయి మాట్లాడుతూ, ఈ ఏడాదిని నేను సంతోషంగా గుర్తుచేసుకోలేనని అంది. కోట మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుకోవాలని జనం నిలదీశారు. 1993 నుంచి ఆదాయపు పన్ను కట్టడం మొదలుపెట్టింది, ప్యాలెస్ చూడటానికి టికెట్ పెట్టి ఆ డబ్బులో చాలాభాగం మరమ్మతుకు వాడారు.

ఇంత జరిగినా దిగిపోలేదు. నెదర్లాండ్స్‌లో విల్‌హెల్మినా, జూలియానా, బియాట్రిక్స్ ముగ్గురు రాణులు వరుసగా పిల్లలకు అప్పగించి తప్పుకున్నారు. డెన్మార్క్ రాణి మార్గరెథె 52 ఏళ్లు ఏలి 2024 జనవరి 14న కొడుక్కి ఇచ్చేసింది. ఈమె అలా చేయలేదంటే కారణం 1936. దిగిపోవడం అన్న మాట ఆ ఇంట్లో పెదనాన్న పేరుతో ముడిపడిపోయింది. దానికితోడు 1947లో 21వ పుట్టినరోజున కేప్‌టౌన్ నుంచి రేడియోలో, నా ఆయుష్షు ఎంతైనా అంతా మీ సేవకే అని మాటిచ్చింది. నా మటుకు నాకు, 70 దాటిన కొడుకును వారసుడిగానే కూర్చోబెట్టడం సరైన పని కాదు. ఆమె పట్టుదలను గౌరవిస్తూనే ఈ మాట అంటున్నాను.

యార్క్‌షైర్ తెలుగమ్మాయి | రాత్రి 12:41

2021 ఏప్రిల్ మాస్టారూ. ఫిలిప్ 99 ఏళ్లకు పోయాడు. కోవిడ్ రూలు ప్రకారం అంత్యక్రియలకు 30 మందే. 73 ఏళ్ల కాపురం చేసిన మనిషి మాస్కు పెట్టుకుని సెయింట్ జార్జి చాపెల్‌లో ఒక్కతే కూర్చుంది. ఆ రోజుల్లో మా వార్డులో పోయినవాళ్ల భార్యలు, భర్తలు కూడా అలాగే ఒంటరిగా కూర్చున్నారు. వాళ్లకు లేని వెసులుబాటు ఆమె తీసుకోలేదు. అందుకే 2022 సెప్టెంబరులో ఆమె శవపేటికను ఉంచిన వెస్ట్‌మినిస్టర్ హాల్ క్యూలో నేనూ నిలబడ్డాను. నా ముందు ఒక సిక్కు పెద్దాయన, వెనక జమైకా నుంచి వచ్చిన ఆవిడ. ఆ పెద్దాయన సామ్రాజ్యం చేసిన పనుల్ని క్షమించలేదు. ఆ మాట ఆయనే చెప్పాడు. అయినా వచ్చాడు.

రాణి పోవడానికి రెండు రోజుల ముందు, సెప్టెంబరు 6న, కర్ర పట్టుకుని నిలబడి కొత్త ప్రధానిని నియమించింది. ఆ ఫోటోలో చెయ్యి నల్లగా కమిలిపోయి ఉంది. నర్సుని కదా, నా చూపు ముందు అక్కడికే వెళ్లింది.

బొల్లారం వాసి | పొద్దున 6:55

నగల మాట వద్దన్నారు గానీ మన సంగతి కాబట్టి ఒక్కటి. 1947లో ఆమె పెళ్లికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, లండన్‌లో కార్టియర్ దుకాణంలో ఏది నచ్చితే అది తీసుకోమన్నారు. ఆమె వజ్రాల హారం, టియారా (తలకు పెట్టుకునే చిన్న కిరీటం) ఎంచుకుంది. టియారాను 1973లో విడదీశారు. హారం అలాగే ఉంది, 2014లో మనవడి భార్య కేట్ వేసుకుంది. అదే పెళ్లికి గాంధీగారు తను వడికిన నూలుతో అల్లిన వస్త్రం పంపారు. ఇక కోహినూర్ అంటారా, అది ఈమె ఎప్పుడూ పెట్టుకోని రాయి. వాళ్లమ్మ కిరీటంలో ఉంది.

కృష్ణాతీరం | పొద్దున 7:20

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక్క సందేహం. ఆన్ గురించి చదివితే ఏటా అందరికంటే ఎక్కువ కార్యక్రమాలకు వెళ్లేవాళ్లలో ఆమె ఒకరని తెలిసింది. చివరి రోజు తల్లి దగ్గర ఉంది ఆమె, చార్లెసే. శవపేటిక వెంట స్కాట్లాండ్ నుంచి లండన్ దాకా వచ్చింది కూడా ఆమే. మరి వారసత్వం వరసలో అంత కింద ఎందుకు ఉంది? రూలు మార్చారని విన్నానే?

న్యాయవిద్యార్థి | పొద్దున 7:46

మార్చారండి. 2013లో వారసత్వ చట్టం వచ్చింది. అంతకుముందు తమ్ముడు పుడితే అక్క వెనక్కి వెళ్లిపోయేది. ఇప్పుడు పుట్టిన వరసే లెక్క. అందుకే 2018లో విలియం చిన్నకొడుకు లూయీ పుట్టినా అక్క షార్లెట్ స్థానం మారలేదు. కానీ ఆ చట్టం 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవాళ్లకే వర్తిస్తుంది. ఆన్ పుట్టినప్పుడు తల్లి, అన్న తర్వాత మూడో స్థానంలో ఉంది. తర్వాత తమ్ముళ్లు పుట్టారు, వాళ్లకు పిల్లలు పుట్టారు. 1964లో పుట్టిన ఎడ్వర్డ్, అతని పిల్లలిద్దరూ కూడా వరసలో ఆన్ కంటే ముందే ఉన్నారు.